ముత్తాత ట్రంకుపెట్టెలో రివాల్వర్: ఎప్పటిది, ఎంత చేస్తుంది?

ప్రశ్న: మాది తుని దగ్గర పల్లె. పాత ఇల్లు పడగొడదామని సామాను దించుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలో నూనెగుడ్డ చుట్టిన రివాల్వర్, తోలు ఒర, అయిదు తూటాలు దొరికాయి. మా ముత్తాత ఎస్టేటులో దివానుగా చేశారని చెప్పుకుంటారు, ఆయనదే అయ్యుంటుంది. దాని మీద ఇంగ్లీషులో వెబ్లీ అని, మార్క్ 6 అని, 1917 అని, .455 అని ఉంది. కిరీటాలు, బాణాలు ఏవేవో గుర్తులున్నాయి, ఫొటోలు పంపుతున్నాను. మా బావమరిది నెట్‌లో చూసి ఇరవై లక్షలు పలుకుతుందంటున్నాడు. వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు, అద్దాల పెట్టెలో పెట్టి హాల్లో తగిలించుకోవచ్చని ఇంకొకరు అంటున్నారు. ఇంతకీ ఇది ఎప్పటిది, ఎంత చేస్తుంది?

జవాబు: ముందు ఆ తూటాల సంగతి. ఒక ఫొటోలో తూటాను వేళ్ల మధ్య పట్టుకుని అడుగుభాగం కెమెరాకి చూపించారు, అది పనికొచ్చింది, కానీ ఇక వాటిని ముట్టుకోకండి. తుడవడం, ఎండలో పెట్టడం, నూనె రాయడం ఏమీ వద్దు. వందేళ్లయినా మందు చచ్చిపోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అడుగున కె, ఎఫ్ అని రెండు అక్షరాలున్నాయి చూడండి, అవి పుణె దగ్గరి కిర్కీ తూటాల ఫ్యాక్టరీవి. అంటే రివాల్వర్ ఇంగ్లండ్‌ది, తూటాలు మన దేశంలో చేసినవి.

రివాల్వర్‌ని మధ్యకు విరిచి తెరిచిన ఫొటో కూడా పంపారు కాబట్టి ఆరు చాంబర్లూ ఖాళీ అని నాకు కనిపిస్తోంది. అది చాలు. మూసి, ట్రిగ్గర్ నొక్కి, టక్ టక్ మంటోందా అని చూసే సరదా వద్దు. నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో, చేసి రిటైరైనవాణ్ణి, ఖాళీదే అనుకుని నొక్కినవాళ్ల కథలు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

ఇక వయసు. మీరు అనుకున్నంత కష్టం లేదు, ఇనుము మీదే రాసి ఉంది. ట్రిగ్గర్ గార్డు పైన ఫ్రేము మీద వెబ్లీ పేరు దగ్గర ఉన్న 1917, అది తయారైన సంవత్సరమే. ఇంత తేలిగ్గా అన్ని తుపాకులూ చెప్పవు. చాలావాటి మీద ఉండేది పేటెంట్ తీసుకున్న సంవత్సరం, జనం దాన్నే తయారీ సంవత్సరం అనుకుని పదేళ్లో ఇరవై ఏళ్లో ఎక్కువ వయసు కట్టేస్తారు. మీదాని విషయంలో ఆ పేచీ లేదు, ఎందుకంటే మిగతా ఆనవాళ్లన్నీ ఆ అంకెతో సరిపోతున్నాయి.

ఎలా సరిపోతున్నాయో చెప్తాను. బ్రిటిష్ సైన్యం వెబ్లీ .455 రివాల్వర్‌ని మొదటిసారి 1887లో తీసుకుంది. అది మార్క్ 1, అంటే మొదటి నమూనా. నాలుగో మార్క్ 1899లో, అయిదోది 1913లో, ఆరోది మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1915లో వచ్చాయి. మొదటి అయిదింటికీ సాధారణంగా పిడి చిలకముక్కులా కిందికి వంగి ఉంటుంది. ఆరోదానికి ఆ వంపు తీసేసి అడుగు నలుపలకగా చేశారు, గొట్టం ఆరంగుళాలు చేశారు. మీ ఫొటోలో స్కేలు పెట్టి తీశారు, చక్కగా ఆరంగుళాలే, పిడి నలుపలకే. అది కిలో పైచిలుకు తూగుతుంది, మీ ఇంట్లో తక్కెడ ఉంటే చూసుకోవచ్చు అని రాయబోయాను, కానీ వద్దులెండి, ముట్టుకోవద్దని ఇప్పుడే చెప్పాను కదా.

కంపెనీ పేరు కూడా సాక్ష్యమే. 1897కి ముందు ఆ కంపెనీ పి. వెబ్లీ అండ్ సన్, అప్పుడు మరో రెండు కంపెనీలతో కలిసి వెబ్లీ అండ్ స్కాట్ అయింది. పాత పేరు ఉంటే ఇంకా పాతది అన్నమాట. మార్క్ 6నే 1921 నుంచి 1926 దాకా ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ కర్మాగారంలో చేశారు, వాటి మీద వెబ్లీకి బదులు ఎన్‌ఫీల్డ్ అని ఉంటుంది.

మీ ఫొటోల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది మీరు బాణాలు అన్న గుర్తు. కాకికాలు ముద్రలా మూడు గీతలు ఉంటుందే, అది బ్రిటిష్ సర్కారు సొత్తు అన్న గుర్తు. మీదాని మీద అలాంటివి రెండు, ముక్కుకు ముక్కు ఆనించినట్టు ఎదురెదురుగా కొట్టి ఉన్నాయి. మొదటిది తీసుకున్నప్పుడు కొట్టింది, రెండోది వదిలించుకున్నప్పుడు కొట్టింది. సైన్యం దీన్ని లెక్కల్లోంచి తీసేసి బయట అమ్మేసిందని అర్థం. దానికి తోడు గొట్టం మీద, తూటాలు పట్టే సిలిండర్ మీద కిరీటం కింద బి.పి., ఎన్.పి. అన్న అక్షరాలున్నాయి. అవి బర్మింగ్‌హామ్ పరీక్షాగృహం ముద్రలు, బయట మార్కెట్‌లోకి వెళ్లేముందు ఎక్కువ మందు పెట్టి పేల్చి చూసి, పగలకపోతే కొట్టేవి. ఈ రకం అక్షరాలు 1904 తరవాతివి, అంతకుముందైతే కిరీటం కింద అడ్డంగా పెట్టిన రాజదండాలు ఉండేవి.

కాబట్టి దీని కథ ఇలా పేర్చుకోవచ్చు. 1917లో యుద్ధం కోసం చేశారు, యుద్ధం అయ్యాక మిగులు సరుకుగా అమ్మారు, అక్కడినుంచి ఏదో దుకాణం ద్వారా ఇక్కడికి చేరింది. ఆ రోజుల్లో కలకత్తాలో రోడ్డా, మాంటన్, మన వైపు వాళ్లకి మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ లాంటి దుకాణాలు ఆయుధాలు అమ్మేవి, గొట్టం మీద దుకాణం పేరు కొట్టించేవాళ్లు కూడా. మీదాని మీద అలాంటి పేరేమీ కనపడలేదు. తోలు ఒర లోపలివైపు ఒకసారి చూడండి, చాలా ఒరలకి మూత లోపల చేసినవాడి పేరు, సంవత్సరం అద్ది ఉంటాయి. ట్రంకులో కాగితాలేమైనా ఉంటే పారేయకండి. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో డిపాజిట్ చేయించడం మన దగ్గర మామూలు, అలాంటి పాత రసీదు ముక్క ఒక్కటి దొరికినా చాలు, ఇది లైసెన్సు ఉన్న ఆయుధమే అని చెప్పుకోవడానికి ఆధారం అవుతుంది.

ఇప్పుడు అసలు కష్టం, విలువ. మీ బావమరిది చూసింది ఏ ధరో నాకు తెలియదు గానీ, అమెరికాలో ఇదే మార్క్ 6 బాగా ఉన్నది మన డబ్బులో లక్ష చుట్టుపక్కల తిరుగుతుంది. యుద్ధంలో కుప్పలుగా చేసిన సరుకు, అరుదైనదేమీ కాదు. అక్కడ కూడా రేటు పెంచేది సిలిండర్ వెనకవైపు అరగదీయకుండా ఉండటం. అక్కడ .455 తూటాలు దొరక్క, .45 పిస్తోలు తూటాలు పట్టేలా వేలకొద్దీ రివాల్వర్ల సిలిండర్లు చెక్కేశారు. మీది చెక్కలేదు, ఫ్రేము మీద నంబరూ సిలిండర్ మీద నంబరూ ఒకటే, నల్లరంగు పూత కూడా ముక్కాలు వంతు మిగిలి ఉంది. సేకరణ చేసేవాడి కళ్లతో చూస్తే మంచి ముక్క.

అయితే ఆ ధర మీకు అక్కరకు రాదు. వందేళ్లు దాటింది కాబట్టి 1972 నాటి పురావస్తువుల చట్టం కింద దాన్ని ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు, అక్కడి వేలానికి పంపే ఆలోచన మానుకోండి. ఇక్కడ అమ్ముదామంటే బోరు, అంటే గొట్టం లోపలి కొలత, అడ్డం. .455, .380 తూటాలు పట్టే రివాల్వర్లు మన నిబంధనల్లో ప్రొహిబిటెడ్ (నిషిద్ధ) బోరు కింద లెక్క, వాటి లైసెన్సు కలెక్టరు చేతిలోది కాదు, కేంద్ర హోం శాఖ చేతిలోది, మామూలు మనిషికి దొరకడం దాదాపు లేదు. కొనడానికి అర్హత ఉన్నవాడే లేనప్పుడు దానికి మార్కెట్ ఎక్కడ? అందుకే ఇదే కంపెనీ .32 రివాల్వర్ దీనికన్నా ముప్పై ఏళ్లు చిన్నదైనా ఇక్కడ మంచి ధర పలుకుతుంది, మీది పలకదు.

వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు అన్నమాట పెళ్లిళ్లలో, టీకొట్ల దగ్గర తెగ వింటాను. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్లో మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది పాతకాలపుదో పాడైపోయిందో అయ్యి, రిపేరు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని ఆయుధానికి. మీది విరిచి తెరవగానే ఖాళీ తూటాలు ఎగదోసే నక్షత్రం ముక్క కూడా పైకి లేస్తోంది, ఫొటోలోనే కనిపిస్తోంది. పేల్చడానికి పనికొచ్చే వస్తువుని హాల్లో తగిలిస్తే అది లైసెన్సు లేని ఆయుధమే. 2019లో సవరించాక, ప్రొహిబిటెడ్ ఆయుధం దగ్గర పెట్టుకుంటే 7 నుంచి 14 ఏళ్లు. భయపెట్టడానికి చెప్పట్లేదు, మీరు దొరికిన వెంటనే నన్ను అడిగారు, అలాగే వెంటనే స్టేషన్‌కీ చెప్పండి అంటున్నాను.

ఎలా చెప్పాలంటే, సంచిలో వేసుకుని బస్సెక్కకండి. తెలిసిన వకీలు ఉంటే ఆయన చేత ఒక కాగితం రాయించి, ఎప్పుడు ఎక్కడ దొరికిందో, ఎన్ని తూటాలో, ముత్తాత వివరాలు ఏమిటో అందులో పెట్టి, స్టేషన్‌కి ఫోన్ చేసి వాళ్లనే రమ్మనండి. తీసుకెళ్లేటప్పుడు రివాల్వర్ నంబరు వేసిన రసీదు తీసుకోవడం మాత్రం మరవకండి. మ్యూజియానికి ఇవ్వాలనుకున్నా దారి స్టేషన్ మీదుగానే, ఆ కోరిక కూడా అదే కాగితంలో రాయండి.

ఇంకొక్కటి, దయచేసి తోమకండి. మా దగ్గరికి ఎన్నికల డిపాజిట్‌కి ఒకాయన పాత వెబ్లీ తెచ్చారు, ఇంట్లో ఆడవాళ్లు పండక్కి ఇత్తడి సామానుతో పాటు దాన్ని కూడా చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమేశారట. అద్దంలా మెరిసిపోతోంది. పేరు లేదు, నంబరు సగం లేదు, కాకికాళ్లు అసలే లేవు. నంబరు చెరిపిన ఆయుధం అని కేసు కట్టాలా, శుభ్రత ఎక్కువైన ఇల్లు అని రాసుకోవాలా తెలియక మా ఎస్సైగారు తల పట్టుకున్నారు.

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఆరు నెలలైంది. ఆయనకి .32 వెబ్లీ రివాల్వర్, దానికి లైసెన్సు పుస్తకం ఉన్నాయి. మేము ముగ్గురం పిల్లలం. పంపకాల్లో దానికి ఎంత విలువ కట్టాలో తెలియట్లేదు. అది 1950ల నాటిదని నాన్న అనేవారు. నా పేర మార్చుకోవచ్చా? — కరీంనగర్ నుంచి

జవాబు: ఆరు నెలలు ఇంట్లోనే ఉంచారా? ముందు రేపు పొద్దున్నే దాన్ని స్టేషన్లోనో, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి. లైసెన్సు మనిషికి, ఇంటికి కాదు. ఆయన పోయిన రోజునుంచి ఆ పుస్తకం మీకు రక్షణ కాదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ఆలస్యం చేయకుండా డిపాజిట్ చేయమంటుంది, చేసినంత మాత్రాన అది మీది కాకుండా పోదు, తరవాత లైసెన్సు వస్తే తిరిగి తీసుకోవచ్చు లేదా అమ్ముకోవచ్చు.

వారసుడి పేరిట లైసెన్సు ఇవ్వడానికి 2016 ఆయుధాల నిబంధనల్లో దారి ఉంది. మిగతా ఇద్దరూ మాకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి, కమిషనరేట్ అయితే కమిషనర్‌కి, కాకపోతే కలెక్టర్‌కి దరఖాస్తు. నాన్నగారి పుస్తకంలో యూఐఎన్, అంటే ఒక్కో లైసెన్సుదారుకి ఇచ్చే గుర్తింపు నంబరు, పడిందో లేదో చూడండి, పాత పుస్తకాల్లో అదొక తలనొప్పి.

విలువ విషయానికొస్తే పై పాఠకుడి రివాల్వర్ పుట్టిన సంవత్సరం 1917 అయినా ఇక్కడ కొనేవాడు లేడు, మీది చిన్నవయసుదైనా కొనేవాళ్లు వరసకడతారు. .32 మామూలు లైసెన్సు మీద పెట్టుకోగల బోరు, పైగా 1980ల నడుమ నుంచి విదేశీ ఆయుధాల దిగుమతి మీద ఆంక్షలు రావడంతో, దేశంలో అప్పటికి ఉన్న వెబ్లీలే చేతులు మారుతూ వచ్చాయి. మన కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ రివాల్వర్ కూడా వెబ్లీ మార్క్ 4 నమూనాలోనే చేస్తారు (పైన చెప్పిన 1899 నాటి .455 మార్క్ 4 కాదు, తరవాత వచ్చిన చిన్న బోరుది). కాన్పూర్‌లోనే 2014లో నిర్భీక్ అని ఆడవాళ్ల కోసం తేలికైనది తెచ్చినప్పుడు దాని ధర 1,22,360 రూపాయలు. పాత ఇంగ్లండు వెబ్లీకి కొనేవాళ్లు దానికన్నా చాలా ఎక్కువే ఇస్తారు. కాకపోతే ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతోనే .32 రివాల్వర్లు చేస్తున్నారు కాబట్టి, పేరు ఒక్కటే చూసి ధర చెప్పకండి, బర్మింగ్‌హామ్ ముద్రలు ఉన్నాయో లేదో చూసి చెప్పండి.

ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర రాతపూర్వకంగా విలువ తీసుకుని సగటు కట్టుకోండి. డీలర్లు గొట్టంలోకి లైటు వేసి లోపలి మెలితిరిగిన గాడులు పదునుగా ఉన్నాయా, తుప్పు గుంటలున్నాయా చూస్తారు. తరవాత తూటాను పేల్చే హ్యామర్‌ని వెనక్కి లాగి సిలిండర్‌ని వేళ్లతో అటూఇటూ ఊపుతారు. అది వదులుగా ఆడితే ధర ఒక్కసారిగా పడిపోతుంది, మీ అన్నదమ్ములు ఆ క్షణంలో వాళ్ల మొహాలు చూడకపోవడం మంచిది. ఎవరూ పెట్టుకోకుండా లైసెన్సు ఉన్న బయటి మనిషికి అమ్మేట్టయితే, కలెక్టరుకో స్టేషన్‌కో ముందుగా రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు ఆగాలి, ఆ గడువు పూర్తి కాకుండా డబ్బు తీసుకోకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక బ్రోకరు బ్రిటిష్ కాలం నాటి అసలైన వెబ్లీ ఉంది, మూడు లక్షలకి ఇప్పిస్తాను, పేపర్లు తర్వాత చూసుకుందాం అంటున్నాడు. వాట్సాప్‌లో ఫొటో పంపాడు. అసలుదేనా?

జవాబు: కాదు. కిరీటం కింద వి.ఆర్. అని ఉంది, దాని కింద 1919 అని ఉంది. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి, ఆవిడ పోయింది 1901లో. చనిపోయిన పద్దెనిమిదేళ్లకి ఆవిడ ముద్ర ఎవరు కొడతారు? ఇంగ్లండ్ అన్న మాటలో ఒక ఎన్ అక్షరం తిరగబడి కూడా ఉంది. ఇంగ్లీషు చదవడం రాని పనివాడు ముద్ర చూసి చెక్కితే అలా వస్తుంది, సరిహద్దు అవతల పాకిస్తాన్‌లోని దర్రా ఆదమ్ ఖేల్ లాంటి చోట్ల చేతితో చేసే నకళ్ల మీద ఇలాంటి తప్పులు మామూలు. ఇనుము ఏ రకమో, పేలిస్తే గొట్టం ముందు పేలుతుందో వెనక పేలుతుందో కూడా చెప్పలేం.

అసలుదే అయినా నా జవాబు ఇదే ఉండేది. పేపర్లు తర్వాత అన్నచోటే బేరం ఆగాలి. మామూలు బోరుదైనా సరే, లైసెన్సు లేకుండా దగ్గర ఉంటే 2 నుంచి 5 ఏళ్లు. ఆ ఫొటో ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి, స్టేషన్‌కి మాత్రం చూపించండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో హెచ్1బి మీద ఉంటున్నాను. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ చిన్న పాత రివాల్వర్ చూపించి నువ్వు ఉంచుకో అంటున్నాడు. అయిదు తూటాలది, బయటికి హ్యామర్ కనపడదు, పిడి వెనక నొక్కే మీట ఒకటి ఉంది. గొట్టం మీద స్మిత్ అండ్ వెసన్ అని, 1880ల తేదీలు ఉన్నాయి. 1880ల నాటిదేనా?

జవాబు: ఆ తేదీలు పేటెంట్లవి. అంతకన్నా పాతది కాదు అని మాత్రమే అవి చెప్తాయి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది సేఫ్టీ హ్యామర్‌లెస్ అనే మోడల్, పిడి పిండితేగానీ పేలదు కాబట్టి అక్కడివాళ్లు ముద్దుగా నిమ్మకాయ పిండేది అంటారు. .38 బోరుది 1887 నుంచి 1940 దాకా చేశారు. కాబట్టి మీ దగ్గరున్న ప్రశ్నకి యాభై ఏళ్ల వెడల్పున్న జవాబు ఉంది, దాన్ని తగ్గించేది పిడి అడుగున ఉన్న సీరియల్ నంబరు ఒక్కటే. ఆ నంబరు ఇచ్చి రుసుము కడితే స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ వాళ్లు పాత రికార్డు చూసి ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు బయటికి వెళ్లిందో ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరం ఉంటే అమ్మకంలో ధర కూడా పెరుగుతుంది. పిడి మీద గుడ్లగూబ తల ఉంటే మాత్రం ఉత్తరం ఖర్చు దండగ, అది ఐవర్ జాన్సన్ కంపెనీ పిడి, మరి ఆ గొట్టం మీదికి స్మిత్ పేరు ఎలా వచ్చిందో పెద్దాయన్ని అడగాలి.

మీకు ఏడాది ఎందుకు ముఖ్యమంటే ధర కోసం కాదు. అక్కడి ఫెడరల్ చట్టంలో 1898లోనో అంతకుముందో చేసినది యాంటిక్, తరవాతిది ఫైరార్మ్. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప ఫైరార్మ్ దగ్గర పెట్టుకోకూడదు, తూటాలు కూడా. 1897 అయితే ఒక కథ, 1907 అయితే మీ వీసాకే ఎసరు. ఏడాది తేలేదాకా అది పెద్దాయన ఇంట్లోనే ఉండనివ్వండి, మొహమాటానికి కూడా తెచ్చుకోవద్దు. ఇండియా వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకొస్తాననే మాట అయితే మనసులోకే రానీయకండి.

మీరు పంపిన ఫొటోలో నంబరు మసకగా పడింది, మూడో అంకె 3నో 8నో తెలియట్లేదు. పైనుంచి ఫ్లాష్ వేస్తే అలాగే అవుతుంది. టార్చి పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని ఇంకొకటి తీసి పంపమని ఆ పెద్దాయన్నే అడగండి.